రెండడుగుల మొక్కల అక్వేరియం ట్యాంకుకి ఏ లైటు పెట్టాలి?

వరంగల్_గప్పీ:
అందరికీ నమస్కారం. నా ట్యాంకు 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. గప్పీ చేపలున్నాయి. రెండు నెలల క్రితం అనుబియాస్, జావా ఫెర్న్, ఒక కట్ట రొటాలా మొక్కలు పెట్టాను. ట్యాంకుతో పాటు వచ్చిన లైటు నీలంగా వెలుగుతుంది. దానికింద చేపలు బాగా కనిపిస్తాయి కానీ రొటాలా పాడైపోతోంది. కింది ఆకులన్నీ రాలిపోయాయి, కాడ సన్నగా పైకి సాగుతోంది, కణుపుకీ కణుపుకీ మధ్య రెండు వేళ్లు పడుతున్నాయి. షాపులో అడిగితే 40 వాట్ల లైటు తీసుకోమన్నారు. కొనేయమంటారా?

నీటితోట_బెజవాడ:
ఇప్పుడే కొనకండి, కాస్త ఆగండి. ఇదే సైజు ట్యాంకుకి నేనూ పెద్ద లైటు పెట్టి, రోజుకి పది గంటలు వెలిగించాను. రెండో వారానికల్లా అనుబియాస్ ఆకుల మీద ఆవగింజంత పచ్చ చుక్కలు పడ్డాయి. గోటితో గీకినా రావు. ఆ తర్వాత ఫెర్న్ ఆకుల అంచులకి వెంట్రుకల్లాంటి పాచి పట్టింది. పాత టూత్‌బ్రష్‌ని తిప్పి, పాచిని దారంలా చుట్టి లాగడమే నా ఆదివారాల పని అయిపోయింది.

వెలుతురు పెంచితే మొక్కకి ఆకలి పెరుగుతుంది. సీవోటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్), ఎరువు ఆ లెక్కన అందకపోతే మొక్క ఎదగదు, ఆ వెలుతురుతో పాచి పెరుగుతుంది. అనుబియాస్ మరీ నిదానం, ఒక్కో ఆకు నెలల తరబడి ఉంటుంది కాబట్టి పాచి ముందు దానిమీదే చేరుతుంది. చివరికి డిమ్మర్‌తో వెలుతురు సగానికి తగ్గించి, టైమ్ ఆరు గంటలకి కుదించాకే కొత్త ఆకులు శుభ్రంగా వచ్చాయి.

లెక్కల_మాస్టారు:
వాట్లు చూసి కొనకండి. గ్యాలన్‌కి ఇన్ని వాట్లు అనే లెక్క ట్యూబ్‌లైట్ల కాలం నాటిది. ఎల్ఈడీకి ల్యూమెన్స్, అంటే అది ఇచ్చే వెలుతురు కొలత చూడాలి. మీ ట్యాంకు నిండా పోస్తే 56 లీటర్లు, గ్రావెల్, రాళ్లు పోను 50 అనుకోండి. సీవోటూ విడిగా ఇవ్వనప్పుడు లీటరుకి 15 నుంచి 25 ల్యూమెన్స్ ఉంటే మీ మొక్కలకి చాలు. అంటే 750 నుంచి 1250. ఈ రోజుల్లో ఓ మాదిరి ఎల్ఈడీ వాటుకి 80, 90 ల్యూమెన్స్ ఇస్తుంది. 15 వాట్లు ధారాళంగా సరిపోతాయి. 40 వాట్లంటే దానికి రెండున్నర రెట్లకు పైనే.

ఒక్క జాగ్రత్త: ఈ లెక్క అడుగు ఎత్తు ట్యాంకులకే కుదురుతుంది. అడుగున్నర దాటితే కిందిదాకా చేరే వెలుతురు బాగా తగ్గుతుంది.

విశాఖ_స్టెమ్స్:
బడ్జెట్ తక్కువైతే నా పద్ధతి చెప్తాను. ఎలక్ట్రికల్ షాపులో దొరికే 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు రెండు, డబ్బా మీద కూల్ డే లైట్, 6500 కె అని ఉన్నవి తెచ్చుకున్నాను. గిన్నెలాంటి షేడ్ తప్పకుండా ఉండాలి, లేకపోతే సగం వెలుతురు గోడలకే పోతుంది. ఏడాదిగా నా రొటాలా, నీటి బ్రాహ్మి వీటికిందే పెరుగుతున్నాయి. ఎరుపు రంగు మాత్రం కాస్త వెలిసినట్టు కనిపిస్తుంది. ఆ రంగు బాగా కనిపించాలంటే ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిసిన) లైటు తీసుకోండి.

ట్యాంకు మీద గాజు మూత పెట్టండి. వైరుని ప్లగ్గు కంటే కిందికి వేలాడేలా వదిలి పైకి తీయండి. అప్పుడు వైరు వెంట జారిన నీటిబొట్టు సాకెట్లోకి పోదు, నేలమీద పడుతుంది. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

పాలమూరు_ట్యాంక్:
టైమర్ గురించి ఎవరూ చెప్పలేదు. తిప్పే డయల్ ఉన్న మెకానికల్ టైమర్ కరెంటు పోతే అక్కడే ఆగిపోతుంది. మా ఊళ్లో ఎండాకాలం కోతలకి నెల తిరిగేసరికి నా లైటు అర్ధరాత్రి వెలిగేది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ తీసుకో తమ్ముడూ. సాయంత్రం నాలుగు నుంచి పదిదాకా పెట్టుకుంటే పని నుంచి వచ్చాక నువ్వూ చూసుకోవచ్చు. ట్యాంకు కిటికీ పక్కన ఉంటే మాత్రం జరుపు, ఆ ఎండ ఏ టైమర్‌కీ లొంగదు.

వరంగల్_గప్పీ:
ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. డిమ్మర్ ఉన్న 18 వాట్ల తెల్ల లైటు తీసుకుని 70 శాతంలో, ఆరున్నర గంటలు వెలిగిస్తున్నాను. అనుబియాస్‌ని డ్రిఫ్ట్‌వుడ్ (ట్యాంకులో పెట్టే చెక్క మొద్దు) నీడలోకి మార్చాను. రొటాలా కొత్త కణుపులు అర అంగుళానికి దిగాయి, చిగుళ్లు దగ్గరగా వస్తున్నాయి. మాస్టారు గారికీ, అందరికీ చాలా థాంక్స్. కింద ఆకుల్లేని పాత కాడలని ఏం చేయమంటారు?

నీటితోట_బెజవాడ:
పై నాలుగంగుళాలు కత్తిరించి, చివరి కణుపు ఆకులు తుంచి గ్రావెల్‌లో గుచ్చండి. పాత మొదళ్లు అప్పుడే పీకేయకండి, వెలుతురు తగిలితే వాటి పక్కల నుంచీ చిగురిస్తాయి.