అప్‌డేట్: కొండముచ్చు పిల్ల కళ్లలో వెలుగు దొరికింది

నల్లమలలో తీసిన కొండముచ్చు పిల్లల క్లోజప్‌లలో ముఖం చీకటిగా, కళ్లు జీవం లేకుండా వస్తున్నాయని గత నెల ఇక్కడ అడిగాను. కొత్త లెన్సు కొనబోతుంటే మీరే ఆపారు. వెనుక వెలుగైన ఆకాశం ఉంటే కెమెరా ముఖాన్ని చీకటి చేస్తుందని, ముందు దాన్ని ఫ్రేములోంచి తప్పించమని చెప్పారు. మీకు ఎంతో రుణపడి ఉన్నాను.

మొన్న నల్లమలలోని ఫరహాబాద్ సఫారీలో ఉదయాన్నే ఒక తల్లి దారి పక్క బండ మీద కనిపించింది. జీపును కాస్త ముందుకు జరపమన్నాను. ఆకాశం పోయి, వెనుక చెట్ల నీడ వచ్చింది. అంతే, పిల్ల ముఖం తేటపడింది! తల్లిది వెండి బూడిద రంగు, ముఖం నలుపు. పిల్ల ఒళ్లు ముదురు గోధుమ, ముఖం ఇంకా లేత గులాబీ. గుప్పెడు వెంట్రుకలు పట్టుకుని తల్లి రొమ్ముకు అతుక్కుపోయి చూస్తోంది. కంట్లో తెల్లని వెలుగు చుక్క.

ఫోకస్ బిందువు ఒక్కటే పెట్టి, దగ్గరి కంటి మీదే నిలిపాను. నా ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో 400 మి.మీ. లెన్సుతో, ఆరు మీటర్ల దూరంలో ఎఫ్/5.6 అపర్చర్‌కు (లెన్సు రంధ్రం కొలత) స్పష్టంగా వచ్చే లోతు ఏడెనిమిది సెంటీమీటర్లే. అందుకే మూతి పదునుగా వచ్చి కళ్లు మసకబారేవి. లోతు పెరగాలని రంధ్రాన్ని చిన్నది చేసి ఎఫ్/8కు మార్చాను, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందన) పెంచాల్సి వచ్చినా షట్టర్ వేగాన్ని సెకనులో 1/1000 వంతు కంటే తగ్గనివ్వలేదు. బియ్యం నింపిన గుడ్డసంచి మీద లెన్సు ఆనించాను.

పక్క జీపులో ఒకరు అరటిపండు విసరబోతే వద్దని బతిమాలాను. దగ్గరికి రప్పించే ఆ అలవాటు వాటికి రోడ్డు మీద ప్రాణం తీస్తుంది. కాసేపటికి తల్లి పిల్లను చేతుల్లో దాచుకుని అటు తిరిగింది. కెమెరా దించేశాను.

నలభై ఫొటోలలో మూడు నచ్చాయి. వాటిలో ఒకదాన్ని పెద్దగా ప్రింటు వేయిస్తున్నాను.