ఒప్పుకోకుండా డిప్యుటేషన్: కాదనొచ్చా?

ప్రశ్న: అమలాపురంలో తపాలా ఉద్యోగం. అడక్కుండానే ఓ ప్రభుత్వ కంపెనీకి రెండేళ్లు డిప్యుటేషన్ వేశారు. చేరకపోతే ఏమవుతుందండీ?

జవాబు: కేంద్ర ఉద్యోగుల ఫండమెంటల్ రూల్స్‌లోని ఎఫ్.ఆర్. 110(ఎ) ప్రకారం ఇష్టం లేనివారిని ఫారిన్ సర్వీసుకు (అంటే విదేశం కాదు, సొంత శాఖ బయట వేరే సంస్థ జీతమిచ్చే కొలువు) పంపకూడదు. ఉమాపతి చౌదరి కేసులో (1999) సుప్రీంకోర్టూ ఉద్యోగి సమ్మతి ఉండాలంది.

జవాబు: ఆగండి మాస్టారూ, ఆ 110(ఎ) కిందే మినహాయింపు ఉంది. పూర్తిగానో చాలావరకో ప్రభుత్వానిదైన సంస్థకు ఆ రూలు వర్తించదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ముందు కంపెనీ వాటాలు ఎవరివో చూడండి.

జవాబు: చేరకుండా మాత్రం కూర్చోకండి. గైర్హాజరు కింద జీతం ఆగి, ఛార్జిమెమో (క్రమశిక్షణ చర్య అభియోగపత్రం) వస్తుంది. రిలీవ్ కాకముందే అభ్యంతరం రాసిచ్చి, నకలుపై అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆర్నెల్లు జవాబు రాకపోతే, ఆపైన ఏడాదిలోగా హైదరాబాద్ క్యాట్‌లో (కేంద్ర ఉద్యోగుల సర్వీసు కేసులు చూసే ట్రిబ్యునల్) ఓ.ఏ., అంటే ఒరిజినల్ అప్లికేషన్, వేయాలి. అంత తొందరైతే మధ్యంతర స్టే అడగొచ్చు.