ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే ఫైర్‌వాల్ రేకు గుండా అదనపు సెన్సార్ల వైర్లను క్యాబిన్‌లోకి తీసుకురావడం ఎలా?

ప్రశ్న (కావలి నుంచి)

మిత్రులకు నమస్కారం. మా డీజిల్ కారు డాష్‌బోర్డులో ఇంజిన్ వేడిని చూపే మీటరు లేదు, హద్దు దాటిన తరువాత వెలిగే ఎర్ర లైటు మాత్రమే ఉంది. ఎండాకాలంలో ఏసీ వేసుకొని, నిండుగా మనుషులతో జాతీయ రహదారి 16 మీద ఒంగోలు వైపు తరచుగా వెళ్లవలసి వస్తుంది. ఆ లైటు వెలిగేదాకా ఆగకుండా ముందే తెలుసుకోవాలని కూలెంట్ వేడికి, ఆయిల్ ప్రెషర్‌కు, ఎగ్జాస్ట్ వేడికి విడివిడిగా మీటర్లు కొన్నాను. మూడూ వైరుతో పనిచేసేవే. సెన్సార్లు మెకానిక్ బిగిస్తారు. అయితే వైర్లు లోపలికి తేవడానికి స్టీరింగ్ పక్కన ఫైర్‌వాల్ రేకుకు డ్రిల్లుతో బెజ్జం వేస్తే చాలని ఆయన అంటున్నారు. అందుకు నా మనసు ఒప్పుకోవడం లేదు. రేకును తొలవకుండా మరో దారి ఉంటుందా? తప్పనిసరైతే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు (ఒంగోలు నుంచి, ఆటో ఎలక్ట్రికల్ పని చేసేవాణ్ణి)

అయ్యా, మీ అనుమానం సరైనదే. స్టీరింగ్ ఉన్న వైపు రేకుకు బయట బ్రేక్ బూస్టరు, బ్రేక్ పైపులు, లోపల పెడల్స్, వైరింగ్ కట్టలు ఇరుకిరుకుగా ఉంటాయి. ఆ వైరింగ్‌లో పసుపు తొడుగు ఉన్నది ఎయిర్‌బ్యాగ్‌కు సంబంధించినది కాబట్టి దాని జోలికి అసలు పోకూడదు. అవతల ఏముందో చూడకుండా అక్కడ డ్రిల్లు పెట్టనివ్వకండి.

ముందుగా బ్యాటరీ నెగటివ్ విప్పి, టార్చిలైటుతో రేకును రెండు వైపులా ఓపికగా పరిశీలించండి. కంపెనీ వైరింగ్ కట్ట లోపలికి వచ్చే చోట వైర్లు రేకు అంచుకు ఒరుసుకోకుండా రంధ్రంలో బిగించే పెద్ద రబ్బరు గ్రోమెట్ కనిపిస్తుంది. కొన్ని బండ్లలో ఆ గ్రోమెట్ మీదే మూతి మూసి ఉన్న చిన్న రబ్బరు గొట్టం ఒకటి పొడుచుకొని ఉంటుంది; దాని కొసను కోస్తే మీ వైర్లకు దారి దొరికినట్లే. ఎడమ స్టీరింగ్ దేశాలకు కూడా తయారయ్యే మోడల్ అయితే, గ్లవ్ బాక్సు వెనుక రబ్బరు మూత వేసి వదిలేసిన ఖాళీ రంధ్రం ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి గ్లవ్ బాక్సు విప్పి చూడకుండా ఏ నిర్ణయానికీ రావద్దు.

పెద్ద గ్రోమెట్ నుంచే పంపవలసి వస్తే స్క్రూడ్రైవరుతో పొడవకూడదు, కంపెనీ వైర్ల తొడుగు చీలిపోతుంది. సైకిల్ స్పోక్ కొసను గుండ్రంగా అరగదీసి, మీ వైర్లను దానికి టేపుతో చుట్టి, సబ్బునీళ్లు రాసి, కట్టకూ రబ్బరుకూ మధ్య నెమ్మదిగా తోయండి. గ్రీజు రాస్తే ఈ రబ్బరు ఉబ్బి పట్టు వదులుతుంది.

జవాబు (నెల్లూరు నుంచి)

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఏ దారీ దొరకక రంధ్రం వేయవలసే వస్తే, అసలు పని డ్రిల్లు ఆపిన తరువాతే మొదలవుతుందని మీ మెకానిక్‌కు చెప్పండి. అంచును గుండ్రటి ఆకురాయితో నునుపు చేసి, ఇనుపరజను తుడిచి, బయటపడిన రేకుకు ప్రైమరు, పెయింటు వేసి, అది ఆరిన తరువాత సరైన సైజు గ్రోమెట్ బిగించాలి. సముద్రపు గాలి తగిలే మన ప్రాంతంలో పచ్చి అంచును అలాగే వదిలితే తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది.

గ్రోమెట్ లేకుండా ఉత్త రేకులోంచి వైరు వేస్తే, ఇంజిన్ అదురుకు ఆ అంచు రంపంలా వైరు తొడుగును కోసేస్తుంది. సెన్సారు వైరు బాడీకి తగిలితే మీటరు తప్పు చూపుతుంది, అంతే. ఫ్యూజు లేని సప్లై వైరు తగిలితే మాత్రం మంట పుడుతుంది. అందుచేత మీటర్ల సప్లైని బ్యాటరీ నుంచి ఫైర్‌వాల్ దాటించకుండా, క్యాబిన్‌లోని ఫ్యూజు బాక్సు నుంచే వేరే ఫ్యూజుతో తీసుకోండి.

వైరు విషయంలో పొదుపు వద్దు. ఇళ్లలో వాడే మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల దాకా మాత్రమే ఓర్చుకుంటుంది, బానెట్ కింద అది చాలదు. 105 లేదా 125 డిగ్రీలకు తట్టుకునే ఆటోమోటివ్ వైరు అడిగి తీసుకొని, ముడతల గొట్టంలో పెట్టి, టర్బోకూ ఎగ్జాస్ట్‌కూ దూరంగా నడపండి. ఇంజిన్ తన మౌంట్ల మీద ఊగుతుంది, రేకు కదలదు. ఆ రెంటి మధ్య వైరు బిగుతుగా ఉండకూడదు.

రంధ్రం చేరే ముందు వైరును కొంచెం కిందికి జారవిడిచి మళ్లీ పైకి తీసుకెళ్లండి. అలా చేస్తే వైరు వెంట జారిన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు ఎక్కువ కాబట్టి, పని ముగిశాక ఒకరు లోపల టార్చి పట్టుకొని చూస్తుండగా బయట రేకు మీద పైపుతో నీళ్లు పోసి పరీక్షించండి. కార్పెట్ కింద నీరు చేరినా పైకి వెంటనే తెలియదు.

ప్రశ్నించినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. గ్లవ్ బాక్సు వెనుక మూత వేసిన రంధ్రం నిజంగానే ఉంది. ఇంకొక్క సందేహం. అటు నుంచి తిప్పి తెస్తే ఎగ్జాస్ట్ మీటరు వైరు పొడవు చాలడం లేదు. మామూలు రాగి వైరు అతికించవచ్చా?

జవాబు (ఒంగోలు నుంచి)

వద్దండీ. మీ పెట్టె మీద కె టైప్ థర్మోకపుల్ (రెండు వేర్వేరు లోహాల తీగలతో వేడిని కొలిచే సెన్సారు) అని ఉంటే, ఆ వైరు లోహమే కొలతలో భాగం. ఇంజిన్ వైపు రాగి అతికిస్తే, ఆ అతుకు దగ్గర 80 డిగ్రీలు, మీటరు దగ్గర 35 డిగ్రీలు ఉన్నప్పుడు, మీటరు అసలు వేడి కంటే దాదాపు 45 డిగ్రీలు తక్కువ చూపుతుంది. టర్బో కాలిపోతుందేమోనని పెట్టుకున్న మీటరు తక్కువ చూపడం మరీ ప్రమాదం. కె టైప్ ఎక్స్‌టెన్షన్ వైరు అని అడిగి తెచ్చుకొని, ప్లస్, మైనస్ తారుమారు కాకుండా కలపండి. మిగిలిన రెండు సెన్సార్లకు తగినంత వేడి ఓర్చుకునే మామూలు రాగి వైరు పొడిగించుకోవచ్చు.