ఫీల్డ్‌వర్క్ వీడియో: అవ్వ పెట్టమంటోంది, మనవరాలు తీసేయమంటోంది. ఏం చేయాలి?

ట్రైపాడ్ మోసేవాడు (ప్రశ్న)

నేను హైదరాబాద్‌లో జర్నలిజం పీజీ రెండో ఏడాది. ఈ సెమిస్టర్‌లో ఫీల్డ్‌వర్క్ ఉంది. నలుగురు ఒక బ్యాచ్. పది రోజులు ఒక ఊళ్లో ఉండి, అక్కడివాళ్ల కథ ఒకటి పది నిమిషాల వీడియోగా తేవాలి. మాకు నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఊరు పడింది. ఆ పేరు వినగానే మీకేం గుర్తొచ్చిందో మాకూ అదే గుర్తొచ్చింది, ఫ్లోరైడ్ నీళ్లు. బస్సెక్కకముందే సగం స్క్రిప్ట్ అయిపోయింది: వంకర కాళ్లు, గారపట్టిన పళ్లు, బోరింగు, వెనకాల వేణువు. (వేణువు ఐడియా నాదే.)

మొదటి రోజు కెమెరా బ్యాగు కిందికి దింపామో లేదో, ఒక పెద్దాయన ఇంట్లోంచి కుర్చీ తెచ్చి వెలుతురు పడేచోట వేసుకున్నాడు. పంచె మోకాళ్ల పైకి మడుచుకుని కూర్చుని "తీస్కోండ్రి" అన్నాడు. మేమింకా ఏమీ అడగలేదు. పేరు కూడా చెప్పుకోలేదు.

అసలు విషయం ఒక అవ్వ గురించి. అరవై దాటి ఉంటాయి. మోకాళ్లు సాగవు, నిలబడలేదు. మూడు రోజులు ఊరికే వెళ్లి కూర్చున్నాక నాలుగో రోజు మైకు పెట్టించుకుంది. రెండు గంటలు మాట్లాడింది. మధ్యలో మా కెమెరా అమ్మాయికి దగ్గు తెర వచ్చింది. అవ్వ "ఆగు బిడ్డా" అని, చేతుల మీద బరువు మోపి, కూర్చున్నది కూర్చున్నట్టే జరుగుతూ బిందె దాకా వెళ్లింది. చెంబు ముంచింది. నిండు చెంబు నేల మీద పెట్టి ఒక జానెడు ముందుకు తోసింది, తను జరిగింది, మళ్లీ చెంబు తోసింది, మళ్లీ జరిగింది. ఆ మూల నుంచి ఈ మూలకి నలభై ఏడు సెకన్లు. లెక్క ఎలా తెలుసంటే, నా దగ్గరున్న రెండో కెమెరా ఆపలేదు. లేచి చెంబు అందుకోవాల్సింది పోయి ఫోకస్ సరిచూసుకుంటున్నాను.

రఫ్ కట్ చూసి మా సార్ "ఇదే నీ ఓపెనింగ్" అన్నారు. డిపార్ట్‌మెంట్ యూట్యూబ్ ఛానల్లో పెట్టి, తర్వాత పోటీలకు పంపుదామన్నారు.

మొన్న అవ్వ మనవరాలు ఫోన్ చేసింది. సిటీలో డిగ్రీ చదువుతోంది, సంబంధం ఒకటి మాటల్లో ఉంది. "అన్నా, ఊరి పేరూ మా అవ్వ మొహమూ కనబడితే వాళ్లు నా పళ్లూ ఎముకలూ లెక్కబెడతారు. ప్లీజ్, పెట్టకండి" అంది. అవ్వకి ఫోన్ చేస్తే "పెట్టు బిడ్డా, దాచుడెందుకు, ఎవలికి తెల్వదు?" అంటోంది.

కన్సెంట్ ఫారం మీద అవ్వ వేలిముద్ర ఉంది. రెండు పేజీల ఇంగ్లిష్. అందులో ఏముందో నేను రెండు ముక్కల్లో చెప్పాను, ఆమె తల ఊపింది. సార్ ఏమో "పేపర్ ఉంది కదా, టెన్షన్ దేనికి" అంటున్నారు. పన్నెండు రోజుల్లో వైవా. మీరైతే ఏం చేస్తారు?

డెస్క్ మీద పాతికేళ్లు

తమ్ముడూ, కుర్చీ వేసుకుని పంచె మడిచాడన్నావు చూడు, ఆ పోజు నేర్పినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

డెస్క్‌కి రాకముందు ఆ జిల్లాలోనే కంట్రిబ్యూటర్‌గా చేశాను. బయటి నుంచి టీవీ టీమ్ వస్తోందంటే మాకు ఫోన్ వచ్చేది, "నాలుగైదు కేసులు చూపించవయ్యా" అని. కేసులు! నేను బండి మీద ముందు పోయి ఆ నాలుగైదు ఇళ్లకే చెప్పొచ్చేవాణ్ణి. ఎప్పుడూ అవే ఇళ్లు, ఎందుకంటే వాళ్లు కాదనరు. కాళ్లు కనబడేలా కూర్చో, పళ్లు చూపించు, కొంచెం ఎండలోకి జరుగు. వచ్చినవాళ్లు గంటలో పని ముగించుకుని భోజనానికి దేవరకొండ రోడ్డెక్కేవాళ్లు. ఒకసారి ఒకావిడ నా చొక్కా పట్టుకుని "ఈ యేడు మూడోసారి తీసుకపోతున్రు, మరి నా కాయితం ఏమాయె?" అంది. ఏ కాయితమో నాకర్థం కాలేదు. తర్వాత తెలిసింది, ఫోటో తీసుకున్న ప్రతివాణ్ణీ ఆమె సర్కారు మనిషే అనుకుంటోంది.

అందుకని నీ ప్రశ్నకంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది. అవ్వ పెట్టమంటున్నది దేనికి? ఆ వీడియో వల్ల తనకేం జరుగుతుందని అనుకుంటోంది? అది తెలిసేదాకా ఆమె "ఊ" అన్నది ఊ కాదు. వేలిముద్ర సంగతి వదిలెయ్, అది మీ కాలేజీని కాపాడటానికి రాసుకున్న కాగితం.

ఫోన్లో తేల్చకు. బస్సెక్కి వెళ్లు. ల్యాప్‌టాప్ కాదు, ఫోన్లో చూపించు, యూట్యూబ్‌లో అందరూ చూసేది దాంట్లోనే కాబట్టి. మొత్తం చూపించాక "ఇది మీ చుట్టాలూ చూస్తారు, తెలియనివాళ్లూ చూస్తారు, ఒకసారి పోయాక నేను కూడా వెనక్కి తేలేను" అని తెలుగులో చెప్పు. నలభై ఏడు సెకన్ల గురించి విడిగా అడుగు. మాట్లాడటానికి ఒప్పుకున్న మనిషి జరగడం తీయడానికి కూడా ఒప్పుకున్నట్టు కాదు.

మనవరాలి మొహం నీ వీడియోలో లేకపోవచ్చు. కానీ నష్టం జరిగితే ఆ పిల్లకే.

బోరింగ్ నీళ్లు

ఇలా ప్రతిదానికీ జంకితే సమస్య బయటికెలా వస్తుంది? వాజ్‌పేయి ప్రధానిగా ఉన్నప్పుడు ఫ్లోరైడ్‌తో ఒళ్లంతా వంకరపోయిన శివన్నగూడెం అంశల స్వామిని ఢిల్లీ తీసుకెళ్లి ఏకంగా ప్రధాని బల్ల మీదే పడుకోబెట్టారు. ఆ ఒక్క దృశ్యం చేసిన పని వంద మెమొరాండాలు చేయలేదు. స్వామి 2023 జనవరిలో చనిపోయాడు, ఇవాళ్టికీ ఫ్లోరైడ్ అంటే జనానికి గుర్తొచ్చేది ఆయనే. మొహాలు మసకేసి, ఊరి పేరు తీసేసి "ఒకానొక గ్రామంలో" అని మొదలుపెడితే ఎవడు చూస్తాడు? పెద్దమనిషి తనే పెట్టమంటుంటే ఆమె మాట కాదనడానికి మనమెవరం?

మర్రిగూడ ఆడపిల్ల

పైన "బోరింగ్ నీళ్లు" సార్ అడిగిన దానికి నేను చెప్తాను. మాది ఆ మండలమే. ఇప్పుడు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్.

నేను ఇరవై ఆరేళ్ల దాకా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వలేదు. పాలపళ్లు ఊడి గట్టి పళ్లు వచ్చేటప్పటికే మచ్చలతో వచ్చాయి, ఎందుకంటే చిగుళ్ల లోపల పళ్లు తయారయ్యే వయసులో మేం తాగింది బోరు నీళ్లే. తర్వాత ఎన్ని మంచినీళ్లు తాగినా ఆ మచ్చ పోదు. పెళ్లిచూపుల్లో ఒకావిడ "ఏదీ, ఒకసారి నవ్వమ్మా" అంది. సంతలో దూడ నోరు తెరిచి చూస్తారు చూడండి, అలా. మా నాన్న లేచి వాళ్లకి టిఫిన్ కూడా పెట్టకుండా పంపేశాడు. మొదటి జీతాలు దాచుకుని పళ్లకి తొడుగులు వేయించుకున్నాను. కాబట్టి ఆ మనవరాలు ఫోన్ చేసిందంటే సిగ్గుపడి కాదు, లెక్క తెలిసి చేసింది.

సార్, అంశల స్వామి సంగతి కాదనను. అది పోరాటం. చేసింది మా జిల్లా నీళ్ల కోసం కొట్లాడిన జలసాధన సమితి, ఎందుకు వెళ్తున్నారో వాళ్లకి తెలుసు. ఇంకోటి కూడా చేశారు. 1996లో నల్గొండ పార్లమెంటు సీటుకి 480 మంది పోటీలో నిలబడ్డారు, గుర్తుందా? బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమైపోయింది, ఎన్నికే వాయిదా వేయాల్సి వచ్చింది. దేశమంతా మా జిల్లా వైపు తిరిగి చూసింది. అందుకోసం ఎవరూ పంచె మడవలేదు. ఈ కథ ఎన్ని వీడియోల్లో చూశారు? నేనైతే చూసిన గుర్తు లేదు. మా గురించి తీసినవాటిలో మేమెప్పుడూ కూర్చునే ఉంటాం.

ట్రైపాడ్ తమ్ముడూ, నీకొకటి చెప్తాను. 2004 నుంచి హైదరాబాద్‌కి కృష్ణా నీళ్లు వస్తున్నాయి కదా. అవి అక్కంపల్లి రిజర్వాయర్ నుంచి కోదండపూర్‌లో శుద్ధిచేసి, గొడకొండ్ల, గున్‌గల్ మీదుగా మా దిక్కు నుంచే సిటీకి పోతాయి. మా ఊళ్లకి మిషన్ భగీరథ నల్లా వచ్చింది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి. మధ్యలో ఆ సంవత్సరాలన్నీ మా తమ్ముడు తరం పిల్లలు ఏం తాగారు? నీ హాస్టల్ కూలర్‌లో నీళ్లు ఎటు నుంచి వచ్చాయో కనుక్కో. నీ ఓపెనింగ్ షాట్ అక్కడ దొరకొచ్చు.

రేడియో వినేవాణ్ణి

ఒక చిన్న మాట. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డీడీఎస్ (దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) మహిళా సంఘాల ఆడవాళ్లు వీడియోలు తీయడం నేర్చుకున్నప్పుడు, ఎదుటి మనిషి కంటికి సమానంగా కెమెరా పెట్టి తీసే షాట్‌కి "సంఘం షాట్" అని పేరు పెట్టుకున్నారు. సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు కాబట్టి. మాచునూరులో సంఘం రేడియో నడిపేదీ వాళ్లే, 2008 నుంచి. మీ బ్యాచ్ అటు ఒక రోజు వెళ్లొస్తే బాగుంటుంది. అవ్వ నేల మీద ఉంటే నీ ట్రైపాడ్ ఎంత ఎత్తులో ఉందో ఒకసారి చూసుకో.

ట్రైపాడ్ మోసేవాడు (అప్‌డేట్)

అందరికీ థాంక్స్. ట్రైపాడ్ ఎత్తు చూసుకున్నాను. నిలబడ్డ నా ఛాతీ ఎత్తు. రెండు గంటల ఫుటేజీలో అవ్వ పైకి చూస్తూనే ఉంది.

శనివారం ఒక్కణ్ణే వెళ్లాను. ఫోన్లో మొత్తం చూపించాను. తన గొంతు విని రెండుసార్లు నవ్వింది. చెంబు షాట్ వచ్చినప్పుడు మాత్రం చివరిదాకా చూసి, "నువ్వప్పుడు యాడున్నవ్?" అనడిగింది. కెమెరా వెనకాల అన్నాను. ఇంకేం అనలేదు, "తర్వాత ఏమున్నది, చూపెట్టు" అంది. ఆ షాట్ హార్డ్ డిస్క్‌లోంచి కూడా తీసేశాను.

డెస్క్ అన్న చెప్పిందే నిజమైంది. ఎందుకు పెట్టమంటున్నావవ్వా అంటే పింఛను గురించి చెప్పింది. ఆమెకిప్పుడు వచ్చేది వృద్ధాప్య పింఛను, 2,016. వికలాంగుల కింద అయితే 4,016. దానికి సర్కారు డాక్టర్లు క్యాంపులో చూసి ఇచ్చే వైకల్య సర్టిఫికెట్ కావాలి. క్యాంపుకి తీసుకుపోయేవాళ్లు లేక ఆగిపోయింది. వీడియో చూసి పెద్దసార్లు రాసిస్తారనుకుంది. వీడియోకీ పింఛనుకీ సంబంధం లేదని చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. మీసేవకి వెళ్లి స్లాట్ బుక్ చేయించి, "వీడియో పెట్టనిచ్చినా, వద్దన్నా ఇది నీదే" అని ఆ కాగితం చేతికిచ్చాను. అప్పుడు మళ్లీ అడిగితే, "పిల్ల లగ్గం కానియ్. అటెన్క సూద్దాం" అంది.

కాబట్టి అవ్వ మొహం లేదు, ఇల్లు లేదు, ఊరి పేరు లేదు. గొంతు కొంచెం ఉంది. ఆ ముక్కని మనవరాలికి పంపాను, రెండుసార్లు విని సరేనంది. సార్‌కి నచ్చలేదు. "ఇంపాక్ట్ పోయింది" అన్నారు. మార్కులు ఏమవుతాయో సోమవారం తెలుస్తుంది.

మిగతా వీడియో అంతా పైపు మీద తీస్తున్నాం. మర్రిగూడ అక్కకి ఆ క్రెడిట్. హాస్టల్ కూలర్ దగ్గర మొదలవుతుంది. అక్కణ్ణుంచి వెనక్కి, సాగర్ రోడ్డు వెంట.

ఊళ్లోంచి వచ్చేస్తుంటే మొదటి రోజు పెద్దాయన మళ్లీ కుర్చీ తెచ్చాడు. కాళ్లొద్దు తాతా, ఊరికే మాట్లాడదాం అని నేను కింద కూర్చున్నాను. "కాళ్లొద్దా?" అని కాసేపు నన్నే చూశాడు. పైపుల పని గురించి అడిగాను. "నేనే పోయిన గద ఆ కూలికి. గింతింత పైపులు" అని రెండు చేతులూ చాపి చూపించబోయాడు. మోచేతులు పూర్తిగా సాగలేదు. ఎవరు ముకద్దమో, కూలి ఎంత ఇచ్చేవాళ్లో, పైపు దింపేటప్పుడు ఏం అరిచేవాళ్లో అన్నీ చెప్పాడు. నీళ్లు మీకు కాదని అప్పుడే తెలుసా అంటే, "తెల్వకేం, పట్నానికని చెప్పిన్రు. కూలి దొరికింది, పోయినం" అన్నాడు. అప్పటికి పంచె దించుకున్నాడు, మాటల్లో నేను గమనించలేదు.