ఇంట్లో కూర్చిన కంప్యూటర్ హఠాత్తుగా ఆగిపోతోంది: లోపం పవర్ సప్లైదా, మదర్‌బోర్డుదా?

నేను స్వయంగా అమర్చుకున్న కంప్యూటర్ మూడు వారాలుగా ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోతోంది. కొన్నిసార్లు దానంతట అదే మళ్లీ మొదలవుతుంది. కొన్నిసార్లు మాత్రం పవర్ సప్లై వెనుక ఉన్న స్విచ్‌ను ఆపి, కాసేపాగి వేస్తే తప్ప బటన్‌కు స్పందించదు. పవర్ సప్లైలో ప్రమాదకర పరిస్థితుల్లో విద్యుత్తును ఆపేసే రక్షణ సర్క్యూట్ పనిచేసినప్పుడు ఇలాగే జరుగుతుంది కనుక, ఈ రెండో లక్షణమే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది.

విండోస్ కుప్పకూలినప్పుడు కనిపించే నీలితెర ఒక్కసారీ రాలేదు. విండోస్ సంఘటనల చిట్టాను చూపే ఈవెంట్ వ్యూయర్‌లో, సరిగా షట్‌డౌన్ కాకుండానే ఆగిందని తెలిపే కెర్నల్-పవర్ 41 మాత్రమే నమోదవుతోంది, క్రాష్ కారణాన్ని సూచించే బగ్‌చెక్ కోడ్ 0గా, అంటే విండోస్ ఏ క్రాష్‌నూ నమోదు చేయనట్టుగా ఉంటోంది. అందువల్ల డ్రైవర్ల (హార్డ్‌వేర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) మీద అనుమానం తగ్గింది. మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86ను రాత్రంతా నడిపినా తప్పులేవీ చూపలేదు. ప్రాసెసర్ ఉష్ణోగ్రత 72 డిగ్రీలు దాటలేదు.

ప్రాసెసర్‌పై గంటసేపు పెట్టిన ఒత్తిడి పరీక్షను తట్టుకున్న ఈ యంత్రం, గ్రాఫిక్స్ కార్డు మీద భారం ఒక్కసారిగా పెరిగిన క్షణంలోనే ఆగిపోతోంది. పవర్ సప్లై 550 వాట్లది, ఏడేళ్లుగా వాడుతున్నది. పైగా కార్డుకు ఉన్న రెండు ఎనిమిది పిన్నుల సాకెట్లకూ ఒకే కేబుల్ నుంచి విద్యుత్తు ఇచ్చాను, అది నా పొరపాటే కావచ్చు. మల్టీమీటర్‌తో చూస్తే 12 వోల్టుల లైను 11.8 చూపింది. ఇది అనుమతించిన 5 శాతం తేడాలోపే ఉన్నా, మిల్లీసెకన్లలో వచ్చిపోయే వోల్టేజి పతనాన్ని ఆ మీటర్ పట్టుకోలేదు.

కార్డు పవర్ పరిమితిని 70 శాతానికి తగ్గించి, రెండు విడి కేబుళ్లు కలిపి చూస్తే లోపం పవర్ సప్లైదేనని నిర్ధారించుకోవచ్చా? మదర్‌బోర్డు కేసుకు తగిలి షార్ట్ అవుతోందేమో తెలుసుకోవడానికి దాన్ని బయట పరచి నడపడం సురక్షితమేనా? అనుభవమున్నవారు ఏ పరీక్ష ముందు చేయాలో దయచేసి చెప్పగలరు.