ట్రిమ్మర్ సెట్టింగ్ కదలడం లేదు, కేసులు మాత్రం తలో పొడవు వస్తున్నాయి

కొత్త_లోడర్:
.308 వించెస్టర్ రైఫిల్ తూటాల వాడేసిన ఇత్తడి కేసులను మళ్లీ లోడ్ చేసేముందు సరైన పొడవుకి కోయడానికి, చేత్తో తిప్పే లేత్ టైపు ట్రిమ్మర్ తీసుకున్నాను. కేసు మూతిలోకి దూరే పైలట్ 30 క్యాలిబర్‌దే, కోత ఎక్కడ ఆగాలో నిర్ణయించే స్టాప్ కాలర్ 2.005 అంగుళాలకు సెట్ చేసి స్క్రూ బిగించాను. మొదటి కేసు కరెక్టుగా వచ్చింది. తర్వాత ఒకటి 2.002, ఇంకోటి 2.008, మళ్లీ 2.004. కాలర్ జరిగిందేమోనని మార్కర్‌తో గీత పెట్టి మరీ చూశాను, జరగలేదు. కట్టర్ కొత్తదే. ఇంకెక్కడ చూడాలి?

ఇత్తడి_రజను:
కాలర్‌ని, కట్టర్‌ని పక్కన పెట్టు తమ్ముడూ, కేసు వెనక వైపు చూడు. లేత్ టైపులో పొడవంతా రిమ్ (కేసు అడుగు అంచు) ఎక్కడ ఆనుకుందన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. రిమ్ కింద రజను ఇరుక్కున్నా, తుపాకీలోంచి కేసుని బయటికి తీసే ఎక్స్‌ట్రాక్టర్ లాగినచోట చిన్న ముల్లు లేచినా కేసు కట్టర్ వైపు కొంచెం ముందుకొస్తుంది, అప్పుడు ఎక్కువ తెగి పొట్టిదవుతుంది. కోలెట్ (కేసు అడుగుని పట్టే బిగింపు) ఉన్న మోడల్ అయితే బిగించేటప్పుడు అదే కేసుని లోపలికి లాగుతుంది, రిమ్ మందం, వ్యాసం ఒక్కో కంపెనీ కేసుకి ఒక్కోలా ఉంటాయి కాబట్టి లాగడమూ ఒకేలా ఉండదు. అందుకే ఒకే హెడ్‌స్టాంప్ (అడుగున కొట్టిన కంపెనీ ముద్ర) ఉన్నవి వేరు చేసుకుని ట్రిమ్ చెయ్యి, ప్రతి కేసునీ వెనక్కి పూర్తిగా నొక్కిపట్టి, హ్యాండిల్‌ని ప్రతిసారీ అంతే బలంతో బిగించు.

నమ్మకం కుదరకపోతే ఇలా చెయ్యి: ఇప్పుడే ట్రిమ్ చేసిన కేసుని బయటికి తీసి, పావు వంతు తిప్పి మళ్లీ పెట్టి కట్టర్ ఆనించు. మూతి చుట్టూ ఏమీ తెగకుండా ఊరికే తిరిగితే పట్టు బాగున్నట్టే. ఒక పక్క మాత్రమే మెరుస్తూ కొత్తగా తెగిందంటే కేసు వంకరగా కూర్చుంటోంది.

ఇంకోటి, చాలామంది రజను రావడం తగ్గగానే ఆపేస్తారు. కాలర్ స్టాప్‌కి తగిలాక కూడా తేలిగ్గా రెండు మూడు తిప్పులు తిప్పాలి. నీ 2.008 అలా వచ్చిందే అయి ఉంటుంది.

పాత_క్యాలిపర్:
పైన చెప్పినదంతా సరే కానీ ముందు కొలత సంగతి తేల్చుకో. డీబర్ చేయకుండా కొలిస్తే మూతి మీద లేచిన బర్‌ని (ఇత్తడి గరుకు అంచుని) కూడా కలిపి కొలుస్తున్నావు. అడుగున మందు అంటించే ప్రైమర్ తీయకుండా కొలుస్తున్నావా? పేలిన ప్రైమర్ కొద్దిగా బయటికి పొడుచుకొచ్చి ఉంటే క్యాలిపర్ దాని మీదే ఆనుతుంది. ప్రైమర్ తీసి, ఫుల్ లెంగ్త్ సైజింగ్ (కేసుని డై లోకి నొక్కి అసలు కొలతకి తేవడం) చేసి, లూబ్ తుడిచి, ఆ తర్వాతే కొలవడం, ట్రిమ్ చేయడం. సైజింగ్‌కి ముందు ట్రిమ్ చేస్తే ఆ శ్రమంతా వృథా, డై లోకి వెళ్లొచ్చాక కేసు మళ్లీ సాగుతుంది.

అసలు ఇంత టెన్షన్ ఎందుకో నాకర్థం కాదు. .308కి గరిష్ఠ పొడవు 2.015, ట్రిమ్ చేయాల్సింది 2.005, మధ్యలో 0.010 వదిలింది ఇందుకే కదా. అది దాటితేనే ప్రమాదం: మూతి ఛాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే గది) చివర తగిలి బుల్లెట్‌ని నొక్కిపట్టేస్తుంది, ప్రెషర్ ఒక్కసారిగా పెరిగిపోతుంది. 2.002కి, 2.008కి తేడా నువ్వు క్రింప్ చేస్తేనే (మూతిని బుల్లెట్ మీదికి నొక్కితేనే) పట్టించుకోవాలి, పొడుగు కేసుకి ఎక్కువ, పొట్టి దానికి తక్కువ పడుతుంది.

ఇత్తడి_రజను:
క్రింప్ చేయకపోయినా ఆరు వేలవ వంతుల తేడా ఉందంటే పనిముట్టు ఎక్కడో వదులుగా ఉన్నట్టే, అది తెలుసుకోవడంలో తప్పేముంది? షోల్డర్ (కేసు మెడ కింద వాలు) మీద ఆనే ట్రిమ్మర్ కొనమని ఎవరైనా చెప్తే మాత్రం తొందరపడకు. సైజింగ్‌లో షోల్డర్ ఒక్కోదానికి ఒక్కోలా జరిగితే ఆ తేడా నేరుగా పొడవులోకి వచ్చేస్తుంది.

కొత్త_లోడర్:
అన్నా, కోలెట్‌లో నిజంగానే రజను ఉంది, బ్రష్‌తో తీశాక పావు తిప్పుడు పరీక్షలో ఏమీ తెగలేదు. డీబర్ చేశాక కొలిస్తే 2.004 నుంచి 2.006 మధ్య వస్తున్నాయి. ఇదే ట్రిమ్మర్‌లో .45 ఏసీపీ పిస్టల్ కేసులు కూడా చేయొచ్చా? వాటికి పైలట్ వేరే కొనాలి.

పాత_క్యాలిపర్:
కొనకు. అవి సాగడం కంటే పొట్టిబడటమే ఎక్కువ, పైగా వాటి హెడ్‌స్పేస్ మూతి మీదే ఉంటుంది, అంటే ఛాంబర్‌లో మూతి ఆనుకునే నిలుస్తాయి, కోసే కొద్దీ ఛాంబర్‌లో వదులవుతాయి. ఆ డబ్బుతో మూతి అంచుని వాలుగా చెక్కే మంచి ఛాంఫర్ టూల్ తీసుకో. అలాగే .308 కేసుల్లో పదేపదే ట్రిమ్‌కి వస్తున్నవి ఉంటే కొన వంచిన సన్నటి తీగ లోపల పెట్టి, అడుగుకి కాస్త పైన గోడ వెంబడి గీస్తూ చూడు. ముందుకి సాగిన ఇత్తడి అక్కడి నుంచే వస్తుంది. తీగ గాడిలో పడినట్టు తగిలితే ఆ కేసు నలిపి చెత్తలో వేసెయ్, ఇంకోసారి లోడ్ చేయకు.