ఆసుపత్రికీ ఇన్సూరెన్స్ కంపెనీకీ మధ్య ఒప్పందంలో ప్రభుత్వానికేం పని?

సగంచదువరి:
నెట్‌వర్క్ ఆసుపత్రి అని చూసుకునే చేరానండీ. చికిత్స సగంలో ఉండగా "బీమా కంపెనీతో మా ఒప్పందం అయిపోయింది, ఇకనుంచి మీరే కట్టుకోవాలి" అన్నారు. ఇద్దరినీ అడిగాను, తప్పు అవతలివాళ్లదే అంటారు. రెండు కంపెనీలు రాసుకున్న కాగితంలో చట్టం వేలు పెట్టకూడదని నా ఫ్రెండ్ వాదన. నిజమేనా?

బిల్లుకౌంటర్:
ఆ కాగితం మీద మీ సంతకం లేదు, బిల్లు మాత్రం మీకొచ్చింది, చట్టం రావడానికి అది చాలదా? అమెరికాలో 2022 నుంచి, ఒప్పందం తెగినా, తీవ్రమైన జబ్బుకు చికిత్సలో ఉన్నవాళ్లు, గర్భిణులు కోరుకుంటే 90 రోజుల దాకా పాత షరతుల మీదే వైద్యం సాగాలి.

నేను బిల్లింగ్‌లో చేశాను. అక్కడ రేటు కంటే డబ్బెప్పుడొస్తుందన్నదే పెద్ద గొడవ. క్లెయిమ్ పంపిస్తాం, 20 రోజులకి "డిశ్చార్జ్ సమ్మరీలో రెండో పేజీ సరిగ్గా కనబడట్లేదు" అని క్వెరీ, అది పంపితే ఇంకోటి, క్వెరీ పడ్డ ప్రతిసారీ గడువు మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్క. విసిగిపోయిన ఆసుపత్రి ఒప్పందమే వదిలేస్తుంది, మధ్యలో మీలాంటివాళ్లు ఇరుక్కుంటారు.

బేరగాడు:
రేట్ల షరతులూ తక్కువవి కావు. "మాకంటే తక్కువకి ఇంకెవరికీ ఇవ్వకూడదు" అని పెద్ద బీమా కంపెనీ రాయించుకుంటుంది. ఇక చిన్న కంపెనీకి ఆసుపత్రి తగ్గించదు, తగ్గిస్తే పెద్దదానికీ తగ్గించాలిగా! దీనిమీదే అమెరికా న్యాయశాఖ 2010లో మిషిగన్‌లో కేసు వేసింది, 2013లో ఆ రాష్ట్రం ఇలాంటి షరతులనే నిషేధించింది. ఆసుపత్రులేం తక్కువ తినలేదు, "మిగతా ఊళ్లలో ఉన్న మా ఆసుపత్రులన్నిటినీ తీసుకుంటేనే, మీకు కావాల్సిన ఆ ఒక్కదాన్నీ ఇస్తాం" అనే గొలుసు ఆసుపత్రులున్నాయి.

సగంచదువరి:
ఈ గోలంతా లేకుండా రేట్లు ప్రభుత్వమే పెట్టేస్తే?

బేరగాడు:
అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో 1970ల నుంచీ ఒక కమిషనే పెడుతోంది, ఏ బీమా అయినా దాదాపు ఒకటే రేటు. కానీ రేటు బిగించేస్తే ఆసుపత్రి కేసుల సంఖ్య పెంచుకోవచ్చు కదా, అందుకే 2014లో ఆసుపత్రికి ఏడాదికింత అని మొత్తం బడ్జెట్టే బిగించేశారు. స్విట్జర్లాండ్‌లో ముందు ఇద్దరూ మాట్లాడుకోవాలి, కుదరకపోతే అక్కడి కాంటన్ (మన రాష్ట్రం లాంటిది) ప్రభుత్వం రేటు తేలుస్తుంది. నాకైతే ఇదే నచ్చింది.

బిల్లుకౌంటర్:
అవన్నీ తర్వాత. ముందు ఒప్పందం ఏ తేదీన ముగిసిందో ఇద్దరి దగ్గరా రాతపూర్వకంగా తీసుకోండి, ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. మీరు చేరింది అంతకుముందే అయితే ఫిర్యాదులో మొదటి వాక్యం అదే రాయండి.